ముందు లోహం, తర్వాత దేహం: రసవాదం శాస్త్రమా, సాధనా?

2025 మే నెలలో జెనీవా దగ్గరి సెర్న్ ప్రయోగశాల నుంచి ఒక ప్రకటన వెలువడింది. అక్కడి కొలైడర్‌లో, అంటే కణాలను ఢీకొట్టించే యంత్రంలో, సీసం కేంద్రకాలు దాదాపు కాంతి వేగంతో ఒకదాని పక్కనుంచి ఒకటి దూసుకుపోతున్నప్పుడు కొన్ని కేంద్రకాలు మూడేసి ప్రోటాన్లు పోగొట్టుకుని బంగారం కేంద్రకాలుగా మారాయని, ఆలిస్ అనే ప్రయోగంలో ఆ మార్పును కొలిచామని దాని సారాంశం. 2015 నుంచి 2018 వరకు అలా పుట్టిన బంగారు కేంద్రకాలు సుమారు 8,600 కోట్లు. సంఖ్య పెద్దదే కానీ వాటన్నిటి బరువు కలిపి 29 పికోగ్రాములు. పికోగ్రాము అంటే గ్రాములో లక్ష కోట్లవ వంతు. పుట్టిన బంగారం కూడా రెప్పపాటులోపే చెదిరిపోయింది.

వార్త రాగానే రసవాదుల కల నిజమైందన్న మాట ప్రపంచమంతా తిరిగింది. మన దగ్గర అది రెండు పాయలుగా చీలింది. సిద్ధులకు ఇదంతా ఎప్పుడో తెలుసని కొందరు, రసవాదమంటేనే దగా అని ఇంకొందరు. రెండూ తొందరపాటు తీర్పులే. రసవాదం ఒక్క మాట చెప్పలేదు, మూడు మాటలు చెప్పింది. హీనలోహాన్ని బంగారం చేయవచ్చు, రోగాన్ని పోగొట్టవచ్చు, ఈ దేహంతోనే ముక్తి పొందవచ్చు. ఈ మూడింటినీ ఒకే తాడుతో కట్టింది కాబట్టే అది అంత బలంగా నిలిచింది. మనం మాత్రం ఆ మూడింటికీ వేర్వేరు సాక్ష్యాలు అడగాలి.

పాదరసం చుట్టూ అల్లుకున్న విద్య

మన సంప్రదాయంలో ‘రసం’ అంటే పాదరసం. పాదరసాన్ని శుద్ధి చేసి, ఇతర ఖనిజాలతో కలిపి, శక్తిమంతమైన పదార్థంగా మార్చే విద్య రసశాస్త్రం. ఆ పదార్థంతో రాగి, సీసం వంటి లోహాలను బంగారంగా మార్చాలని చూస్తే అది లోహవాదం లేదా ధాతువాదం. దేహాన్ని జరామరణాలు లేనిదిగా మార్చాలని చూస్తే దేహవాదం. తెలుగువాళ్ల కథల్లో వినిపించే పరుసవేది, అంటే తాకితే ఇనుము బంగారమయ్యే వస్తువు, మొదటి ఆశకు ప్రతిరూపం.

ఇలాంటి విద్యలు ఇతర నాగరికతల్లోనూ ఉన్నాయి. ఈజిప్టులో క్రీస్తుశకం 300 ప్రాంతంలో జోసిమోస్ ఈ విద్య గురించి గ్రీకులో రాశాడు. జాబిర్ పేరుతో నిలిచిన అరబ్బీ గ్రంథాలు లోహాలన్నీ పాదరసం, గంధకాల కలయికతో పుట్టాయని చెప్పాయి. చైనాలో అమరత్వం కోసం చేసిన పాకాలు తాగి టాంగ్ వంశపు చక్రవర్తులు కొందరు చనిపోయారు. ఆ దేశపు రసవాదుల ప్రయోగాల నుంచే తుపాకిమందు పుట్టింది. భారతీయ శాఖలో ప్రత్యేకత ఏమిటంటే, ఇక్కడ పాదరసానికి దక్కిన స్థానం మరే పదార్థానికీ దక్కలేదు.

ఇంగిలీకం చూపించే విచిత్రం

అంత స్థానం ఎందుకు దక్కిందో తెలియాలంటే ఒక ఎర్రరాయిని దగ్గరగా చూడాలి. ఇంగిలీకం అనే ఆ ఖనిజం రసాయనికంగా పాదరసం, గంధకాల సమ్మేళనం. దాన్ని గాలి తగిలేలా కాలిస్తే గంధకం వాయువై పోతుంది. పాదరసం ఆవిరై, చల్లని చోట వెండి బొట్లుగా దిగుతుంది. గట్టి ఎర్రరాయిలోంచి మెరిసే ద్రవం పుట్టినట్టు కనిపిస్తుంది.

ఇప్పుడు ఆ ద్రవాన్ని కల్వంలో వేసి గంధకపు పొడితో కలిపి గంటల తరబడి నూరితే మెరుపంతా మాయమై కాటుకలాంటి నల్లటి పొడి మిగులుతుంది. దాని పేరు కజ్జలి. ఏడు పొరల మట్టిగుడ్డ చుట్టిన గాజుకుప్పెలో ఆ కజ్జలిని పోసి, ఇసుక నింపిన పాత్రలో కుప్పెను నిలిపి, మంటను సన్నగా మొదలుపెట్టి పెంచుతూ పోతే, కుప్పె మెడలో ఎర్రటి పేట కడుతుంది. అదే రససిందూరం. రసాయనికంగా అది మొదట మనం కాల్చిన ఎర్రరాయే.

ఎరుపు వెండి అయింది, వెండి నలుపు అయింది, నలుపు మళ్లీ ఎరుపు అయింది. అణువుల సంగతి తెలియని కాలంలో దీన్ని చూసిన మనిషి, పదార్థం చచ్చి మళ్లీ పుడుతోందని అనుకోవడంలో ఆశ్చర్యం లేదు. గ్రంథాలు పాదరసాన్ని శివుని వీర్యమన్నాయి, గంధకాన్ని పార్వతి రజస్సు అన్నాయి. నిప్పు మీద నిలవకుండా ఎగిరిపోయే చంచలమైన రసాన్ని గంధకం పట్టి నిలుపుతుంది. ఆ పురాణభాష వెనుక ప్రతిసారీ రుజువయ్యే ఒక పరిశీలన ఉంది.

ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. 100 గ్రాముల పాదరసం పూర్తిగా కలిసిపోవడానికి కావలసిన గంధకం సుమారు 16 గ్రాములు. కజ్జలికి రెండూ సమానంగా తీసుకోవడం ప్రసిద్ధమైన పద్ధతి. ఆరు రెట్లు గంధకం పట్టించే షడ్గుణ పద్ధతి కూడా ఉంది. అంటే అవసరానికి ఎన్నో రెట్లు ఎక్కువ. మిగిలిన గంధకం కుప్పెలో కాలిపోతుంది. విడిగా పాదరసం మిగిలిపోయే అవకాశం మాత్రం బాగా తగ్గుతుంది. తులాల్లో తూచిన ఈ జాగ్రత్త రసవాదులు అనుభవం మీద పట్టుకున్నది.

పద్దెనిమిది సంస్కారాలు

పాదరసం మీద చేయవలసిన పనులను గ్రంథాలు 18 సంస్కారాలుగా చెబుతాయి. స్వేదనం, మర్దనం, మూర్ఛనం, ఉత్థాపనం, పాతనం, రోధనం, నియమనం, దీపనం అనేవి మొదటి ఎనిమిది. ఆకుపసర్లతో, పులుపులతో ఉడికించడం, నూరడం, ఆవిరి పట్టి తిరిగి దించడం వీటిలోని పనులు. ఈ ఎనిమిదీ ఏ ప్రయోగశాలలోనైనా చేసి చూడదగినవి. వైద్యానికి ఇవి చాలన్నారు.

తొమ్మిదో దాని నుంచి దారి మారుతుంది. పాదరసం అభ్రకాన్ని, బంగారాన్ని ‘మింగాలి’, అరిగించుకోవాలి, రంగు పట్టాలి. పదిహేడవది వేధ. సిద్ధమైన రసం హీనలోహంలోకి చొచ్చుకుపోయి దాన్ని బంగారం చేయడం. పద్దెనిమిదవది సేవనం. అదే రసాన్ని మనిషి తీసుకోవడం. ఈ వరుస చాలా ముఖ్యం. బంగారం చేయడం చివరి మెట్టు కాదు, దానికి ముందుది.

లోహం మీద పరీక్ష ఎందుకు?

పన్నెండో శతాబ్దం ప్రాంతానిదని భావించే రసార్ణవం అనే గ్రంథంలో భైరవుడు దేవికి చెప్పిన మాట ఈ మొత్తం విద్యకు తాళంచెవి. రసం లోహంలో ఎలా పనిచేస్తుందో దేహంలోనూ అలాగే పనిచేస్తుంది, కాబట్టి ముందు లోహం మీద పరీక్షించి ఆ తర్వాతే దేహానికి వాడాలి అని.

ఇందులో ఒక ఊహ, ఒక నియమం కలిసి ఉన్నాయి. లోహమూ దేహమూ ఒకే రకంగా స్పందిస్తాయన్నది ఊహ. అది తప్పని ఇప్పుడు మనకు తెలుసు. మనిషికి ఇచ్చే ముందు బయట పరీక్షించాలన్నది నియమం. అది ఈనాటికీ చెల్లుతుంది. బంగారం మీది ఆశను గ్రంథకర్తలు ఇలా పరీక్షగా మలిచారు. రసం సిద్ధమైందో లేదో బంగారమే చెప్పాలి.

మరి దేహాన్ని నిలుపుకోవడం దేనికి? 14వ శతాబ్దంలో విజయనగర కాలపు మాధవాచార్యుడు సర్వదర్శన సంగ్రహంలో బౌద్ధ, జైన, వేదాంతాలతో పాటు రసేశ్వర దర్శనానికి కూడా ఒక అధ్యాయం ఇచ్చాడు. ఆ దర్శనం వాళ్ల వాదన సూటిగా ఉంటుంది. ఇతర దర్శనాలు దేహం పడిపోయాక ముక్తి అంటున్నాయి. పడిపోయాక వచ్చేదాన్ని చూసి చెప్పేదెవరు? ముక్తి జ్ఞానం వల్ల, జ్ఞానం సాధన వల్ల, సాధన దేహం వల్ల. రోగంతో, ముసలితనంతో కూలిపోయే దేహంతో సాధన ఎలా? అందుకే ముందు దేహాన్ని స్థిరం చేసుకోవాలి, దానికి రసం కావాలి. ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, పదార్థాన్ని మాయ అని తోసేయకుండా దాని ద్వారానే పైకి వెళ్లాలన్న ఈ పట్టుదల నాకు చాలా విలువైనదిగా అనిపిస్తుంది.

హఠయోగంలో ఇదే ఆలోచన శరీరం లోపలికి మళ్లింది. 15వ శతాబ్దపు హఠయోగ ప్రదీపిక రసాన్నీ ప్రాణవాయువునూ పక్కపక్కన పెట్టి ఒకే మాట చెబుతుంది. మూర్ఛితమైతే రోగాలు పోగొడతాయి, మృతమైతే బతికిస్తాయి, బద్ధమైతే ఆకాశగమనం ఇస్తాయి. కల్వంలో చేసే పనికీ, ఊపిరితో చేసే పనికీ అవే క్రియాపదాలు. రసశాలను, యోగాన్ని రెండుగా విడదీయడం ఆ రచయితలకు అవసరం కాలేదు.

శ్రీశైలం, నాగార్జునుడు, వేమన

రసవాద గ్రంథాల్లో తెలుగునేలకు గట్టి చోటే ఉంది. నిత్యనాథుడి రసరత్నాకరంలో శ్రీశైల పరిసరాల్లో ఎక్కడ ఏ సిద్ధి దొరుకుతుందో వివరించే భాగముంది. 15వ శతాబ్దంలో గౌరన ద్విపదలో నాథసిద్ధుల కథలైన నవనాథచరిత్ర రాసింది కూడా శ్రీశైల మఠం అండతోనే. అంతకు ఎంతో ముందు, 7వ శతాబ్దంలోనే, బాణుడు కాదంబరిలో ఒక ముసలి ద్రావిడ సాధువును చిత్రించాడు. శ్రీపర్వతపు వింతలు వేలకొద్దీ అతనికి కంఠతా వచ్చు. ధాతువాదం పిచ్చి పట్టినవాడు. సరిగ్గా చేయని రసాయనం తిని అకాలజ్వరం తెచ్చుకున్నవాడు. తప్పుడు మందు ప్రమాదమని నవ్వుతూనే హెచ్చరించినవాళ్లు పదమూడు వందల ఏళ్ల కిందటే ఉన్నారన్నమాట.

నాగార్జునుడి విషయంలో చిక్కుముడి ఎక్కువ. మాధ్యమిక బౌద్ధాన్ని స్థాపించిన నాగార్జునుడు సుమారు 2వ శతాబ్దం వాడు. 7వ శతాబ్దంలో వచ్చిన చైనా యాత్రికుడు హ్యుయాన్‌త్సాంగ్, ఆయన సాతవాహన రాజు కోసం రాళ్లను బంగారం చేశాడన్న కథ విని రాసుకున్నాడు. 11వ శతాబ్దంలో అల్బెరూనీ మాత్రం రసాయన విద్యలో ప్రసిద్ధుడైన నాగార్జునుడు సోమనాథ్ దగ్గరివాడనీ, తనకు సుమారు నూరేళ్ల ముందువాడనీ రాశాడు. ఒకే పేరుతో ఒకరికంటే ఎక్కువమంది ఉన్నారని పరిశోధకులు అనుకోవడానికి ఇదే ఆధారం. పైగా నాగార్జునకొండలోని ఇక్ష్వాకుల శాసనాలు ఆ ప్రాంతాన్నే శ్రీపర్వతమంటాయి. శ్రీశైలానికీ అదే పేరు. పేర్లు కలిశాయి, కథలూ కలిసిపోయాయి. నాగార్జునకొండ బౌద్ధాచార్యుడే పాదరసం మందులు కనిపెట్టాడని ఢంకా బజాయించి చెప్పడానికి ఈ సాక్ష్యాలు చాలవు.

కొండవీటి రెడ్ల సంపదకు పరుసవేది కారణమన్న కథ, వేమన మొదట బంగారం చేసే విద్య వెంట తిరిగి తర్వాత యోగి అయ్యాడన్న కథ చరిత్ర కావు. కానీ బంగారం మీద మోజు నుంచి లోపలి బంగారం వైపు మళ్లడమనే దారి తెలుగువాళ్ల ఊహలో ఎంత సహజంగా ఇమిడిపోయిందో అవి చెబుతాయి.

వంకాయ మూస: ఊహ కాదు, పనితనం

రసవాదుల పరిజ్ఞానానికి నాకు తెలిసిన అతి బలమైన సాక్ష్యం యశదం, అంటే జింకు. దీన్ని ఖనిజం నుంచి తీయడం కష్టం. 907 డిగ్రీల సెల్సియస్ దగ్గర అది ఆవిరైపోతుంది. ఖనిజం నుంచి లోహం విడివడడానికి కావలసిన వేడి అంతకంటే ఎక్కువ. కాబట్టి లోహం ఆవిరిగానే పుడుతుంది, గాలి తగిలితే మళ్లీ బూడిదవుతుంది. ఇనుము, రాగి తీసే కొలిమితో ఈ పని కాదు.

రసరత్నసముచ్చయం అనే రసశాస్త్ర గ్రంథం దీనికి ఒక మూసను వర్ణిస్తుంది. వంకాయ ఆకారం. దానికి పన్నెండు అంగుళాల (పన్నెండు వేళ్ల వెడల్పు) గొట్టం, చివర ఉమ్మెత్త పువ్వులా విప్పారి ఉండాలి. రసకమనే యశద ఖనిజాన్ని అందులో నింపి బోర్లించి పైనుంచి కాలిస్తే, ఆవిరి కిందికి దిగి, గాలి సోకకుండా చల్లబడి లోహమవుతుంది. రాజస్థాన్‌లోని జావర్‌లో 1983లో జరిగిన తవ్వకాల్లో అచ్చం ఇలాంటి మట్టి మూసలు, ఒక్కో కొలిమిలో 36 చొప్పున నిలబెట్టిన వరుసలతో సహా బయటపడ్డాయి. గ్రంథంలోని మాట, నేలలోని మట్టి ఒకదానికొకటి సాక్ష్యం పలికాయి.

అదే రసకం రాగిని బంగారం చేస్తుంది, అందులో వింతేముందని రసార్ణవం అంటుంది. రాగి, యశదం కలిస్తే వచ్చేది ఇత్తడి. మేలైన ఇత్తడి కొత్తలో బంగారు ఛాయతో మెరుస్తుంది. దాన్ని చూసి బంగారమన్నవాడు మోసగాడే కానక్కర్లేదు. రంగే లోహానికి ప్రధాన గుణమని నమ్మే చోట, రంగు మారితే లోహం మారినట్టే.

తేడా పట్టడానికి 10 గ్రాముల ముక్క చాలు. బంగారం సాంద్రత ఘన సెంటీమీటరుకు 19.3 గ్రాములు కాబట్టి ఆ ముక్క నీటిలో అర ఘన సెంటీమీటరు చోటు ఆక్రమిస్తుంది. ఇత్తడి సాంద్రత సుమారు 8.5 కాబట్టి 1.2 ఘన సెంటీమీటర్లు ఆక్రమిస్తుంది. గీటురాయి మీద గీసి నత్రికామ్లం చుక్క వేస్తే ఇత్తడి గీత కరిగిపోతుంది, బంగారు గీత నిలుస్తుంది.

కొలిమి వల్ల ఎందుకు కాలేదో ఇప్పుడు సులభంగా చెప్పవచ్చు. ఒక మూలకం ఏదో నిర్ణయించేది కేంద్రకంలోని ప్రోటాన్ల సంఖ్య. బంగారానికి 79, పాదరసానికి 80, సీసానికి 82. కాల్చడం, నూరడం, కరిగించడం పై పొరలోని ఎలక్ట్రాన్లనే కదిలిస్తాయి. చొక్కా మార్చినంత మాత్రాన మనిషి మారనట్టే కేంద్రకం అలాగే ఉండిపోతుంది. రసవాదులు ఎంచుకున్న పాదరసం బంగారానికి పక్కింటి మూలకమే కావడం కాకతాళీయం. 1941లో హార్వర్డ్ శాస్త్రవేత్తలు పాదరసం మీద వేగవంతమైన న్యూట్రాన్లను ప్రయోగించి బంగారం పుట్టించారు, అయితే అది రేడియోధార్మికత ఉన్న బంగారం. దానికి కొలిమి వేడి సరిపోదు, కేంద్రకాన్ని కదిలించే శక్తి కావాలి.

పండితుల మధ్య వాదం

ఆచార్య ప్రఫుల్లచంద్ర రాయ్ 1902లో హిందూ రసాయనశాస్త్ర చరిత్ర మొదటి సంపుటిని ప్రచురించారు. మెర్క్యురస్ నైట్రైట్‌పై పరిశోధనతో పేరు పొందిన ఆయన, తాతల కాలపు పాదరస గ్రంథాలను రసాయనవేత్త కళ్లతో చదివారు. మంత్రాలను పక్కకు తీసి, యంత్రాలనూ ప్రక్రియలనూ వెలికితీశారు. వలసపాలనలో మనకు విజ్ఞాన చరిత్రే లేదన్నవాళ్లకు అది గట్టి జవాబు.

దీనికి ఎదురుగా మనోవిశ్లేషకుడు యూంగ్, మతచరిత్రకారుడు ఎలియాడ్ నిలిచారు. యూంగ్ చూపులో యూరప్ రసవాది మూసలో చూసింది తన మనసునే. ఎలియాడ్ దృష్టిలో అది ప్రకృతిని, తనను పరిపక్వం చేసుకునే సాధన.

ఇటీవలి చరిత్రకారులు, ముఖ్యంగా లారెన్స్ ప్రిన్సిపే వంటివారు, పాత యూరప్ వంటకాలను మళ్లీ వండి చూశారు. అంటిమొనీతో పసుపుపచ్చని గాజు చేసే ఒక పాత విధానం స్వచ్ఛమైన ఖనిజంతో ఎంతకీ రాలేదు. కొద్దిగా స్ఫటికపు మాలిన్యం ఉన్న ఖనిజం వాడితే వచ్చింది. పాత రచయిత అబద్ధం చెప్పలేదు, అతని రాయి వేరు. మన సంప్రదాయం మీద కూడా ఇలాంటి పని జరిగింది. 2015లో మొదలైన వియన్నా విశ్వవిద్యాలయపు ఆయుర్‌యోగ్ పరిశోధనలో పాదరస సంస్కారాలను గ్రంథాలు చూసి చేసి చిత్రీకరించారు.

నా మొగ్గు మూడో దారి వైపు. రాయ్ పక్కకు తీసిన మంత్రాలు లేకపోతే ఒక మనిషి ఏళ్ల తరబడి కల్వం ముందు ఎందుకు కూర్చున్నాడో అర్థం కాదు. యూంగ్ లాగా అంతా మనసులోనే ఉందనుకుంటే జావర్‌లో గుట్టలుగా పడి ఉన్న మూసలకు అర్థం చెప్పలేం. న్యూటన్ కూడా రసవాదం మీద పది లక్షల పదాల వరకు రాసుకున్నాడు. గురుత్వాకర్షణ సూత్రం రాసిన చేత్తోనే.

మిగిలిన అసలు చిక్కు: మందు

బంగారం వాదం తేలిపోయింది. ముక్తి వాదం ప్రయోగశాలకు అందేది కాదు, దాని సాక్ష్యం సాధకుడి అనుభవమే. మధ్యలోని వైద్యం మాత్రం ఈనాటికీ బతికుంది. ఆయుర్వేద కళాశాలల్లో రసశాస్త్రం పాఠ్యాంశం. లోహభస్మాలు, రససిందూరం మార్కెట్లో దొరుకుతాయి.

భస్మానికి సంప్రదాయమే పరీక్షలు పెట్టింది. వేళ్ల మధ్య రుద్దితే రేఖల్లోకి దిగిపోవాలి. నీటి మీద చల్లితే తేలాలి. ఎండలో చూస్తే లోహపు మెరుపు కనిపించకూడదు. నెయ్యి, తేనె, బెల్లం, గురివింద గింజలు, వెలిగారంతో కలిపి పుటం పెట్టినా మళ్లీ లోహంగా మారకూడదు. మొదటి రెండూ పొడి ఎంత సన్నగా ఉందో చెబుతాయి. చివరి రెండూ విడి లోహం మిగిలిందో లేదో చెబుతాయి. తెలివైన పరీక్షలే. అయితే ఆ పొడి మూత్రపిండాలను ఏం చేస్తుందో వీటిలో ఏదీ చెప్పదు.

2008లో అమెరికా వైద్యసంఘం పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం ఇంటర్నెట్‌లో కొన్న 193 ఆయుర్వేద మందులను పరీక్షించింది. సుమారు 21 శాతంలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి కనిపించింది. రసౌషధాల్లో ఆ వాటా 40 శాతం దాటింది. రసవైద్యుల అభ్యంతరం ఇది: మొత్తం లోహాన్ని కొలిస్తే సరిపోదు, అది ఏ రూపంలో ఉందో చూడాలి. జపాన్‌లోని మినమాటాలో జనాన్ని బలిగొన్నది మిథైల్ పాదరసం. రససిందూరం పాదరస సల్ఫైడు, నీటిలో దాదాపు కరగదు. ఈ మాటలో రసాయనపరంగా పస ఉంది. ఎదుటివాళ్ల జవాబులోనూ అంతే పస ఉంది. దాదాపు కరగదంటే అసలు కరగదని కాదు. రోజూ, నెలల తరబడి తింటే కొంతైనా ఒంట్లో చేరవచ్చు. పైగా సీసానికి ఈ సమర్థన వర్తించదు. కుప్పెలో మంట సరిగ్గా పెట్టారా, కజ్జలి పూర్తిగా నూరారా అన్నది కొనేవాడికి తెలిసే దారి లేదు.

మన దేశ ఔషధ నిబంధనల్లో పాదరసం, ఇంగిలీకం వంటివి విషద్రవ్యాల జాబితాలో ఉన్నాయి. అవి కలిసిన ఆయుర్వేద మందుల మీద వైద్యుని పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక ముద్రించాలి. తేలవలసింది ఇంకా ఉంది. ఫలానా పద్ధతిలో చేసిన ఫలానా మందును, ఇంత మోతాదులో, ఇన్ని నెలలు తీసుకున్న రోగుల రక్తంలో, మూత్రంలో పాదరసం ఎంత చేరింది? ఆ మందు తీసుకోనివారితో పోల్చితే వారి రోగం ఎంత తగ్గింది? ఒక్కో మందుకు విడివిడిగా, పెద్ద సంఖ్యలో రోగుల మీద ఈ రెండు ప్రశ్నలకూ జవాబు రాబట్టేదాకా, తయారీ తెలియని రసౌషధాన్ని సొంతంగా కొని వాడడం మీద వైద్యులు పెడుతున్న అభ్యంతరం తీసేయదగినది కాదు.